గాలి తగిలిన నడుము

దారింకా భర్త మిలుతిన్‌కి ఈ భూమ్మీద శత్రువంటూ ఉంటే అది గాలి ఒక్కటే. పన్నుల వాళ్ళతో పేచీ లేదు, పక్కింటివాడితో సరిహద్దు తగువు లేదు, రాజకీయ నాయకుల్ని కూడా పెద్దమనసుతో వదిలేస్తాడు. కిటికీ సందులోంచి దూరి తలుపు సందులోంచి పోయే పిల్లగాలిని మాత్రం చచ్చినా క్షమించడు. పెళ్ళయిన ముప్ఫై ఏళ్ళలో దారింకా ఒకేసారి రెండు కిటికీలు తెరిచి ఎరగదు. జూలై నెలలో ఊరంతా పెనం మీద వేగిపోతున్నప్పుడు బస్సులో ఎవరైనా అద్దం దించితే, మిలుతిన్ తన సీట్లోంచి లేచి వెళ్ళి, "ఏం బాబూ, నీకు నడుం లేదా, మెడ లేదా?" అని పరామర్శించి, అద్దం ఎక్కించి వస్తాడు. ఇంట్లో తాళంచెవి కన్నంలో దూది. గుమ్మం కింద ఇసక నింపిన పాత మేజోడు. పన్నునొప్పి వస్తే గాలి తగిలింది, చెవిపోటు వస్తే గాలి తగిలింది. ఎదురింటి కోడలు పుట్టింటికి వెళ్ళిపోయిందని తెలిసిన రోజున ఆయన కాసేపు ఆలోచించి, ఆ ఇంట్లో వంటింటి కిటికీ, వరండా తలుపూ ఎదురెదురుగా ఉంటాయన్నాడు. ఇప్పుడు కూడా ఆరోగ్య కేంద్రం ముందు కారులో నాలుగద్దాలూ బిగించుకుని ఆవిరి మీద ఉడుకుతూ కూర్చుని ఉంటాడు. ఇక్కడ మాత్రం, తుడిచిన నేల ఆరాలని ఆయమ్మ వరండా రెండు చివర్లా తలుపులు బార్లా తీసి, అడ్డంగా కుర్చీలు పెట్టి పోయింది. అక్టోబరు గాలి ఆ చివర లోపలికొచ్చి, దారింకా మెడ వెనకగా నడిచి, ఈ చివర బయటికి పోతోంది. గాలి తగులుతోందని దారింకాకి తెలుసు. తగులుతున్న మెడ తనదేనా అన్నది మాత్రం అంత గట్టిగా చెప్పలేదు. నెల్లాళ్ళుగా అలాగే ఉంది. పన్ను పీకేముందు ఇచ్చే సూదిమందు తర్వాత చెంప ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంది. కొరుక్కున్నా తెలియదు, రక్తం వచ్చాక అద్దంలో చూసుకోవాలి.

ఎదురుగా ఏడో నంబరు తలుపు. కూతురు నెవెనా దాని లోపలికి వెళ్ళి పదకొండు నిమిషాలైంది. దారింకా కూడా లేచి, చేతిసంచీ భుజాన వేసుకుని, అలవాటు ప్రకారం కూతురికంటే ముందు గుమ్మంలో కాలు పెట్టబోయింది. నెవెనా చెయ్యి అడ్డం పెట్టింది. కోపంగా ఏం కాదు, రోడ్డు దాటే చంటిపిల్లకి అడ్డం పెట్టినట్టు. బాలవాడిలో పిల్లలకి పాఠాలు చెప్పే పిల్ల కదా, ఆ చెయ్యి అలా అలవాటైపోయింది. "నువ్విక్కడే కూర్చో అమ్మా. నా నడుం సంగతి నేను చెప్పుకుంటా. ఏడేళ్ళుగా నువ్వే చెబుతున్నావు," అంది. అని, తలుపు వేసుకుంది. ఆ తలుపు పల్చటి చెక్కది. మీదేసిన తెల్లరంగు కిందనుంచి పాత పచ్చరంగు కనబడుతోంది. దారింకా ఆ పచ్చని మరకల్ని లెక్కపెట్టింది. ఆరు. మళ్ళీ లెక్కపెడితే ఏడు. లోపలున్న మనిషికి తెలియని సంగతి ఒకటి బయటున్న తన దగ్గర ఉంది. ఆ సంగతి కోసమే పిలవకపోయినా ఇంతదూరం వచ్చింది. చెప్పడానికి వచ్చిందో, ఎవరూ అడగకుండా కాపలా కాయడానికి వచ్చిందో, కారెక్కినప్పుడు తెలియలేదు, ఇప్పుడూ తెలియడం లేదు.

"ఎవరమ్మా లోపల?" అంది పక్క కుర్చీలో ఉన్న స్తానా అనే ముసలావిడ. ఒళ్ళో బుట్ట, బుట్టలో గుడ్లు. ఈ ఊళ్ళో డాక్టరు దగ్గరికి ఉత్త చేతుల్తో వెళ్ళేవాళ్ళూ ఉన్నారు గానీ, వాళ్ళని జనం చులకనగా చూస్తారు.

"మా అమ్మాయి, పిన్నిగారూ."

"ఇంతసేపేం చేస్తున్నారు? పాత డాక్టరైతే ఈపాటికి ముగ్గుర్ని పంపించేవాడు. రాడిసావ్ డాక్టరు చెయ్యి పట్టుకుంటే చాలు, రోగం పేరు చెప్పేవాడు. ఈ పిల్ల డాక్టరు అడుగుతుందట. కూర్చోబెట్టి అడుగుతూనే ఉంటుందట. అన్నీ మనమే చెబితే ఆవిడేం చదువుకున్నట్టు?" అని, బుట్ట పట్టుకుని లేచింది. "నేను లోపలికి వెళ్ళను తల్లీ, తలుపు కాస్త తీసి ఒక్క మాట అడిగి వచ్చేస్తా."

ఈ వరండాలో అందరూ ఒక్క మాటవాళ్ళే. కిందటి నెల దారింకా కూడా ఒక్క మాటంటూ తలుపు తోసినావిడే. తలుపు రెండంగుళాలు తెరుచుకుంది, నర్సు బిసెర్కా ముఖం అడ్డం వచ్చింది: "స్తానమ్మా, పోయినసారి నీ ఒక్క మాటకి ముప్పావు గంట పట్టింది. కూర్చో." తలుపు మూసుకునే లోపు ఆ రెండంగుళాల్లోంచి డాక్టరు గొంతు వినిపించింది, నిదానంగా, తొందరేమీ లేనట్టు: "ఎప్పుడు మొదలైందో ఒక రోజని చెప్పగలవా?" జవాబు వినపడేలోపు స్తానమ్మ బిసెర్కా వంశాన్ని తలుచుకోవడం మొదలుపెట్టింది.

ఒక రోజని ఎక్కడ చెబుతుంది? దారింకా అయినా చెప్పలేదు. జారి పడింది లేదు, బరువెత్తింది లేదు. గోడకి చెమ్మ ఎక్కినట్టు ఎక్కింది. కింద ఓ మూల మరక కనిపిస్తే సున్నం వేస్తాం, సున్నం మీద బీరువా జరుపుతాం, కొన్నేళ్ళకి బీరువా వెనక గోడ ఉండదు. నెవెనాకి అప్పుడు ఇరవై. పొద్దున్నే మంచం మీంచి లేవడానికి ఆలస్యం చేసేది. ఇరవయ్యేళ్ళ పిల్ల పొద్దున్నే లేవకపోతే ప్రపంచంలో ఏ తల్లి అయినా ఏమంటుంది? దారింకా అదే అంది. కాలేజీలో చదువుకుంది గనక ఒకటికి నాలుగు రకాలుగా అంది. స్నానం చేసి, అటూ ఇటూ తిరిగి, పదింటికల్లా పిల్ల బాగానే ఉండేది. మధ్యాహ్నం ద్రాక్షతోటలో తండ్రితో సమానంగా గంపలెత్తేది. పనుంటే నొప్పి లేదు, పడుకుంటే నొప్పి! ఇలాంటి నొప్పి ఎక్కడైనా ఉందా? బద్ధకం అన్న మాటకి ఇంతకంటే చక్కని అర్థం నిఘంటువులో కూడా దొరకదు. మిలుతిన్ మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. కూతురంటే ప్రాణం గనక, "బద్ధకం కాదే, గాలి. తడితలతో బాల్కనీలో నిలబడింది, నేను చూశాను," అన్నాడు. ఇద్దరి వాదనా ఏళ్ళ తరబడి నడిచింది. మూడో మాట అనేవాళ్ళు ఆ ఇంట్లో లేకపోయారు.

గొర్రెబొచ్చు నడికట్టు కట్టారు. క్యాబేజీ ఆకులు సుత్తితో నలగ్గొట్టి కట్టారు. ప్లమ్ పండ్ల సారా రకియాతో తడిపిన గుడ్డ వేసి పైన దుప్పటి చుట్టారు. ఆ వాసనకి నొప్పి పోలేదు గానీ మిలుతిన్ తమ్ముడు రెండు రోజులు వరసగా పరామర్శకి వచ్చాడు. రాడిసావ్ డాక్టరు సూదులు పొడిచాడు, రెండు వారాలు మంచం దిగొద్దన్నాడు. మిలుతిన్ పాత కొట్టుగది తలుపు ఊడబీకి పరుపు కింద వేశాడు, నడుముకి గట్టిది మంచిదని. ఆ తలుపు మీద పిల్ల పద్నాలుగు రోజులు పడుకుంది. రోజు రోజుకీ బిగుసుకుపోయింది. ఏడిస్తే, ఇంకో వారం పడుకోమన్నారు. పడుకున్న పిల్లని వాళ్ళంతా ఎంత ప్రేమగా చూశారో. దారింకా పళ్ళెంలో చారు తెచ్చి చెంచాతో తాగించింది. ఇప్పుడా చెంచా గుర్తొస్తోంది. చెంచా కాడ వంకర. చారులో నూడుల్స్. అది గుర్తొస్తే ఏదో ఒకటి అనిపించాలి కదా. దారింకా ఆగి, ఏమైనా అనిపిస్తుందేమోనని చూసింది. ఎదురుగోడ మీద చేతులు ఎలా కడుక్కోవాలో చెప్పే బొమ్మలున్నాయి. నాలుగో బొమ్మలో బొటనవేలు.

"నీళ్ళకెళ్ళొస్తా, నా వంతు చూస్తుండు," అని స్తానమ్మ బుట్ట కుర్చీ మీద పెట్టి వెళ్ళింది. వరండా సద్దుమణిగింది. చెక్కతలుపు అవతల ఇప్పుడు మాటలు బాగా వినబడుతున్నాయి, డాక్టరువి మాత్రమే. నెవెనా గొంతు చిన్నది. డాక్టరు పేరు యాస్నా. నర్సు నోట విన్న సంగతి: పోయిన వారం నెవెనా మాత్రల చీటీ కోసం వస్తే, ఆవిడ చీటీ రాయబోయి ఆగి, ఏడేళ్ళుగా ఎన్ని డబ్బాలు తీసుకున్నావని అడిగిందట. అవి వేసుకుంటే తగ్గుతుందా అంటే, "వేసుకున్న రోజు మనిషిలా ఉంటాను, మానేస్తే రెండో రోజుకి కొయ్యనైపోతాను," అని నెవెనా చెప్పిందట. డాక్టరు పెన్ను కింద పెట్టి, గురువారం అరగంట తీరిక చేసుకుని రా అందట. అరగంట! ఈ ఆరోగ్య కేంద్రంలో అరగంట ఇచ్చారంటే ఒకటి, మనిషి పోయేలా అన్నా ఉండాలి, లేకపోతే మేయరుగారి చుట్టమన్నా అయ్యుండాలి.

"తెల్లవారుజామున నిద్ర లేపుతుందా, నొప్పి?"

లేపుతుంది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది తను కాదని తెలిసి కూడా దారింకా పెదవులు కదిలాయి. నాలుగింటికి నెవెనా గదిలోంచి వంటింట్లోకి నడక, వంటింట్లోంచి గదిలోకి నడక. చెప్పుల్లేకుండా, మడమలు మెల్లిగా ఆనిస్తూ. కుళాయి దగ్గర కాసేపు, పొయ్యి దగ్గర కాసేపు. దారింకా మంచంలో పడుకుని వింటూ ఉండేది. ఆ నడక వింటుంటే తన ఒళ్ళు పదేళ్ళ పిల్ల ఒళ్ళయిపోయేది, పరుపు గడ్డిపరుపైపోయేది, అవతల వంటింట్లో నడుస్తున్నది కూతురు కాదు, నాన్న. రాగి గని ఊళ్ళో రెండు గదుల ఇల్లు, బొగ్గుపొయ్యి, పొయ్యికి వీపు ఆనించి నిలబడే నాన్న స్వెతోజార్. ఆ అడుగుకీ ఈ అడుగుకీ మధ్య ఉన్న వ్యవధి కూడా ఒకటే. చెవికి తెలిసిపోయింది. చెవికి తెలిసినది నోటిదాకా రావడానికి మనిషిలో ఏదో దారి ఉండాలి. ఆ దారిలో చిన్నప్పుడే అమ్మ ఒక తలుపు వేసి, కన్నంలో దూది పెట్టి వెళ్ళింది.

నాన్న నలభై ఏళ్ళకే నేలని చూస్తూ నడిచే మనిషయ్యాడు. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మెడ తిప్పేవాడు కాదు, ఓడ మలుపు తిరిగినట్టు మనిషంతా తిరిగేవాడు. గ్లాసు పైకెత్తి తాగలేక పక్కకి ఒరిగి తాగేవాడు. తలెత్తడం కుదరదు గనక, "ఏమే దారింకా, ఆకాశం ఇవాళ ఏ రంగులో ఉంది?" అని అడిగేవాడు. నీలంగా ఉన్న రోజు కూడా పచ్చగా ఉందని చెప్పేది. "మంచిది, మార్పుండాలి," అనేవాడు. పొద్దున అమ్మ ఆయన్ని మంచం మీంచి దొర్లించేది. వెల్లకిలా పడ్డ పేడపురుగుని పుల్లతో తిప్పినట్టు ముందు పక్కకి, తర్వాత ఒక మోచెయ్యి, తర్వాత గోడకి అరచెయ్యి, తర్వాత కాళ్ళు. ఊళ్ళో అందరూ గని తిన్న నడుం అనేవాళ్ళు, గౌరవంగా అనేవాళ్ళు. ఆ ఊళ్ళో గని తిన్న నడుం అంటే పతకంతో సమానం. నాన్న గనిలోకి దిగింది రెండేళ్ళు. మిగతా కాలమంతా పైన దీపాల గదిలో, షిఫ్టు మారినప్పుడు దిగేవాళ్ళకి దీపాలందించి, ఎక్కి వచ్చేవాళ్ళ దగ్గర తీసుకుని తుడిచి పెట్టేవాడు. గనిలో పైకప్పు కూలి నడుం మీద పడిందన్న కథ, ఉద్యోగం చెయ్యలేని రోజొచ్చి పింఛను కోసం కమిషన్ ముందుకి వెళ్ళాల్సి వచ్చినప్పుడు పుట్టింది. వీధిలో ఇంటికో కథ ఉండేది, ఎవరూ దాన్ని అబద్ధం అనుకునేవారు కాదు. కమిషన్ వాళ్ళు ఇంటికి వచ్చి పిల్లల్ని కూడా అడుగుతారట. అమ్మ దారింకాని బల్ల ముందు కూర్చోబెట్టింది. నాన్నకి ఏమైంది? గనిలో దెబ్బ తగిలింది. అంతకుముందు? ఎద్దులా ఉండేవాడు. మీ వాళ్ళలో ఇంకెవరికైనా నడుం జబ్బుందా? ఎవరికీ లేదు, మా వంశంలో అందరివీ ఇనుప నడుములు. మళ్ళీ చెప్పు. ఇనుప నడుములు. నవ్వుతూ చెప్పు. నవ్వుతూ చెప్పింది. వచ్చిన ఇద్దరిలో ఒకాయన బుగ్గ గిల్లి, బంగారు తల్లీ అన్నాడు. నాన్న పోయిన రోజున గని వాళ్ళ బ్యాండు వాయించింది. మతగురువు కూడా గనికి నడుమిచ్చిన మనిషి అన్నాడు. అందరూ ఏడ్చారు, దారింకా కూడా నిజంగా ఏడ్చింది. అప్పటికి ఆ కథ తనకీ నిజమే.

"లేచాక ఎంతసేపటికి బిగుతు వదులుతుంది? అరగంటా? అంతకంటే ఎక్కువా?"

గంటన్నర. గడియారం చూసి చెప్పగలదు. ఏడేళ్ళ కిందట ఓ ఆదివారం నెవెనా గది తలుపు తోసింది, దుప్పట్లు మార్చడానికి. పిల్ల అప్పుడే లేస్తోంది. ముందు పక్కకి. తర్వాత మోచెయ్యి. తర్వాత గోడకి అరచెయ్యి. తర్వాత కాళ్ళు. దారింకా దుప్పట్లు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఏంటమ్మా?" అంది నెవెనా. "ఏం లేదు, ఎండ వచ్చింది, దుప్పట్లు ఉతకాలి," అంది. ఉతికింది. రెండు విడతలు వేసింది, మామూలుగా వాడనంత నీలిమందు కూడా వేసింది. ఆ సాయంత్రం చూసిందాన్ని చలికాలపు కంబళిలా మడతపెట్టి, పెట్టె అడుగున పెట్టి, పైన మూత వేసి, దాని మీద కూర్చుంది. ఆ వారమే రాడిసావ్ డాక్టరు, దారింకా కాన్పులప్పట్నించీ ఇంటి మనిషిలాంటివాడు, పిల్ల వంక చూడకుండా దారింకానే అడిగాడు: "మీవాళ్ళలో ఎవరికైనా ఇలా ఉందా?" నోరు తనంతట తాను తెరుచుకుంది. "ఎవరికీ లేదు డాక్టరుగారూ, మా వంశంలో అందరివీ ఇనుప నడుములు." నవ్వుతూ. ఆయన కూడా నవ్వాడు. కార్డులో 'కుటుంబంలో లేదు' అని రాసి కింద గీత గీశాడు. ఆ కార్డే ఇప్పుడు లోపల బల్ల మీద ఉంటుంది. గీతతో సహా.

ఎక్స్‌రే తీయించారు. శుభ్రంగా ఉందన్నారు. దారింకా ఆ ఫిల్ము ఇంటికి తెచ్చి వంటింటి కిటికీకి ఆనించి చూసింది, పక్కింటావిడని పిలిచి చూపించింది, "చూడండి, చర్చిలో దాచిన మహాత్ముల ఎముకలంత శుభ్రంగా ఉన్నాయి!" అంది. నరాల డాక్టరు దగ్గరికి పంపితే ఏమీ లేదని పంపేశాడు. ఎముకల డాక్టరు ఏమీ లేదని పంపేశాడు. మూడోసారి వేడినీళ్ళ బుగ్గల దగ్గర మర్దనాకి పది రోజులు రాశారు. వచ్చిన ప్రతి 'ఏమీ లేదు' కాగితం చదివినప్పుడల్లా దారింకాకి కాస్త ఊపిరి ఆడేది. పిల్లకి మాత్రం ప్రతిసారీ ముఖం మాడేది. జబ్బు లేదంటే ఏడుస్తావేంటే పిచ్చిపిల్లా, అనేది దారింకా. మధ్యలో ఒక వసంతంలో కన్ను ఎర్రబడింది, వెలుతురు చూడలేకపోయింది. మిలుతిన్, కారు అద్దంలోంచి గాలి కొట్టింది అన్నాడు. దారింకా చామంతి టీలో దూది ముంచి కంటికి పెట్టింది. తగ్గకపోతే కంటి డాక్టరు చుక్కల మందు ఇచ్చాడు, తగ్గింది. కన్ను ఒక వీధిలో ఉండే సంగతి, నడుం ఇంకో వీధిలో ఉండే సంగతి. ఆ రెండూ చుట్టాలని ఎవరనుకుంటారు.

"కన్నెప్పుడైనా ఎర్రబడిందా?" అంది లోపలి గొంతు.

దారింకా చేతిసంచీ పట్టీని వేలికి చుట్టింది. వేలి కొన తెల్లబడింది. వదిలింది. మళ్ళీ చుట్టింది.

స్తానమ్మ తిరిగొచ్చింది. "ఇంకా అవలేదూ! ఏం జబ్బమ్మా మీ పిల్లకి?"

"నడుం నొప్పి."

"ఓస్, నడుమేనా! పెళ్ళి చెయ్యి. నడుం నొప్పి గుర్తుపెట్టుకునే తీరిక ఉండదు." తనే నవ్వుకుంది. "చల్లటి అరుగు మీద కూర్చుని ఉంటుంది. ఈకాలం పిల్లలు వింటారా? నే చెప్పనా, వేడి ఇటుక గుడ్డలో చుట్టి..."

పెళ్ళి. దారింకాకి నవ్వు రావలసిన చోట ఏమీ రాలేదు. పెళ్ళిలోనే కదా ఆ మాట అంది. మేనల్లుడి పెళ్ళి, రెండు వందలమంది, మేళం. నెవెనా పొద్దున చర్చిలో గోడకి ఆనుకుని నిలబడింది, ముఖం సున్నంలా. సాయంత్రం అందరూ చేతులు కలిపి వలయంగా కోలో నాట్యం చేస్తుంటే ఆ పిల్ల వరసలో చేరింది, మూడు గంటలు వదల్లేదు. ముఖానికి రంగొచ్చింది. ఏళ్ళ తర్వాత పిల్ల అలా నవ్వడం చూసింది దారింకా; చూసి సంతోషించాల్సింది. బల్ల దగ్గర ఇరవైమంది చుట్టాలున్నారు. మరదలెవరో, "నడుం నొప్పన్నారు, బాగానే ఎగురుతోందే?" అంది. దారింకా గ్లాసెత్తి, నెవెనా అప్పుడే చెమట తుడుచుకుంటూ బల్ల దగ్గరికి వస్తుంటే, అందరికీ వినపడేలా అంది: "మా పిల్ల నడుం మహా తెలివైనదమ్మా. పొద్దున గిన్నెలు కనబడితే విరుగుతుంది, సాయంత్రం మేళం వినబడితే అతుక్కుంటుంది!" బల్ల బల్లంతా పగలబడి నవ్వింది. మంచి మాటే, ఇప్పటికీ చుట్టాలు ఫోనులో తలుచుకుంటారు. నెవెనా కూడా నవ్వింది. నవ్వి, కుర్చీలో కూర్చుంది, ఇంక ఆ రాత్రి లేవలేదు. ఆ తర్వాత ఇంట్లో నడుం అనే మాట ఆ పిల్ల నోట రాలేదు, నాలుగేళ్ళుగా. తగ్గిందనుకున్నారు. దారింకా మిలుతిన్‌తో, చూశావా, నవ్వుతూ చెబితే బద్ధకం కూడా తగ్గుతుంది, అంది.

కిందటి నెల, నెవెనా కారు వెనక్కి తీస్తోంది, గేటులోంచి. దారింకా మేడమీద కిటికీ దగ్గర బీన్సు ఒలుస్తోంది. వెనక్కి చూడటానికి పిల్ల మెడ తిరగలేదు. మనిషంతా తిరిగింది, నిదానంగా, ఓడ మలుపు తిరిగినట్టు. "అద్దం ఎక్కించుకో తల్లీ, మెడకి గాలి కొడుతుంది!" అని కింద మిలుతిన్ కేక. బీన్సు గింజ చేతిలోంచి జారి, నేల మీద దొర్లుకుంటూ పొయ్యి కిందకి పోయింది. అప్పట్నించే ఈ మొద్దుబారడం. వంట చేసింది, ఇస్త్రీ చేసింది, చలికాలానికి ఎర్రమిరపకాయలు కాల్చి తొక్కలు తీసి సీసాల్లో పెట్టింది, ఇరవై మూడు సీసాలు. చేతులు కాలాయి, సాయంత్రం బొబ్బలు చూసుకున్నాక తెలిసింది.

ఇదంతా ఎంతసేపు? గడియారంలో ముప్ఫై అయిదు నిమిషాలు. లోపల కుర్చీ జరిగిన చప్పుడు. వంగు అంటోంది డాక్టరు, ఇంకా, చాలు, గోడకి మడమలు ఆనించు, తల ఆనుతుందా, సరే. ఏదో టేపుతో కొలుస్తున్నట్టుంది. తర్వాత పెన్ను గీకిన చప్పుడు. తలుపు తెరుచుకుంది. స్తానమ్మ బుట్టతో సహా లేచింది. బిసెర్కా ఆవిడ భుజం మీదుగా చూసి, "నెవెనా వాళ్ళమ్మగారూ, ఒక్కసారి లోపలికి రండి," అంది.

"చూశావా, నేనడిగితే కూర్చోమంది," అంది స్తానమ్మ గోడతో.

గదిలో డాక్టరు యాస్నా దారింకా అనుకున్నదానికంటే చిన్నది, జలుబు చేసినట్టు ముక్కు ఎర్రగా ఉంది. నెవెనా కూర్చోలేదు, కిటికీ దగ్గర గోడనానుకుని నిలబడి ఉంది. తల్లి వంక చూడలేదు. బల్ల మీద పాత కార్డు, మూలలు నలిగి. పక్కన నగరంలోని పెద్దాసుపత్రికి రాసే సిఫారసు చీటీ, సగం నింపి.

"కూర్చోండి అమ్మా. మీ అమ్మాయి అన్నీ చక్కగా చెప్పింది," అంది డాక్టరు. "నడుం అరిగితే వచ్చే నొప్పి పడుకుంటే తగ్గుతుంది. లోపల వాపుతో వచ్చేది పడుకుంటే పెరుగుతుంది, తిరిగితే తగ్గుతుంది. ఈమెది రెండోది అనుకుంటున్నాను. మొదట్లో ఎక్స్‌రేలో కనబడదు. కీళ్ళ వాపు చూసే పెద్ద డాక్టరు దగ్గరికి పంపిస్తున్నాను, పంపడం మానను. కాకపోతే ఇదివరకు మూడుసార్లు ఏమీ లేదని వెనక్కి వచ్చింది కదా, చీటీలో కారణాలు గట్టిగా ఉంటే వాళ్ళు ముందు పిలుస్తారు. ఇప్పటికే ఏడేళ్ళు పోయాయి. ఇలాంటి వాపు వంశంలో నడుస్తుంది, కన్ను ఎర్రబడటం కూడా దానిలో భాగమే. అందుకే ఒక్కటి అడగాలి. కార్డులో కుటుంబంలో ఎవరికీ లేదని ఉంది. తాతగారి నడుం వంగి ఉండేదని, గనిలో పైకప్పు కూలి అలా అయిందని అమ్మాయి అంటోంది. ఆ ప్రమాదం ఏ సంవత్సరంలో జరిగింది?"

దారింకా నాలుక మీద జవాబు సిద్ధంగా ఉంది. సంవత్సరం కూడా ఉంది, నెల కూడా ఉంది, అమ్మ అన్నీ నేర్పింది. ముఖం మీద నవ్వు కూడా దానంతటది వచ్చి కూర్చుంది. నెవెనా ఆ నవ్వు చూసి కిటికీ వైపు తిరిగింది. మెడ తిరగలేదు. భుజాలు, నడుము, మోకాళ్ళు, మనిషంతా కలిసి తిరిగింది.

"జరగలేదు," అంది దారింకా.

డాక్టరు కార్డు మీంచి తలెత్తింది.

"ప్రమాదం జరగలేదు డాక్టరమ్మా. మా నాన్న దీపాల గదిలో పనిచేశాడు. దెబ్బ తగలలేదు. ఇరవై అయిదేళ్ళకే పొద్దున్న లేవలేకపోయేవాడట, మా అమ్మ చెప్పేది. తెల్లారకుండానే వంటింట్లో నడిచేవాడు. నలభైకి వంగిపోయాడు. కన్ను కూడా ఎర్రబడేది, సంవత్సరానికోసారి." గొంతు తనదిలా లేదు, బస్టాండులో బస్సులు చదివే గొంతులా ఉంది. "కార్డులో అది నేను చెప్పి రాయించిందే."

నెవెనా ఇటు తిరిగింది. "నీకు తెలుసా?" అంది. "అమ్మా, నీకు తెలుసా?"

"మంచం దిగుతుంటే చూశాను. మొదటి సంవత్సరమే."

"మరి పెళ్ళిలో..."

"అప్పుడూ తెలుసు."

వరండాలో స్తానమ్మ తలుపు మీద రెండు వేళ్ళతో కొట్టింది. డాక్టరు కార్డులోని ఆ మాట మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన తారీఖు వేసి, చీటీలోకి ఎక్కించడం మొదలుపెట్టింది. నెవెనా ఏడవలేదు, అరవలేదు. బాలవాడిలో తప్పుచేసిన పిల్ల నోరు విప్పేదాకా తను ఎదురుగా ఎలా నిలబడుతుందో, అలా నిలబడింది. దారింకా కుర్చీలోంచి లేచింది. కూర్చుని అనే మాట కాదనిపించింది.

"నీ నొప్పి నిజం నెవెనా. నేనన్నది తప్పు."